అగ్గి ముట్టని అమ్మ

ఆ ఎండాకాలం మొదట్లో నేను దిండుకి బట్టలు తొడగడం నేర్చుకున్నాను. నవ్వితే నవ్వండి. మంచం మీద దిండుని గోడకి ఆనించి నిలబెట్టి, లోపలి గౌను, పై గౌను, నడికట్టు, భుజాల మీది వస్త్రం, ముసుగు, వరసగా ఐదూ తొడగాలి. అదీ ఒంటి చేత్తో. రెండో చేతిలో వెలుగుతున్న కొవ్వొత్తి ఉంటుంది. మా అత్తయ్య పక్కనే నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, "ఆవిడ తల్లి, కూరగాయల సంచీ కాదు. మెల్లిగా!" అని కసురుతూ ఉండేది.

ఆవిడ అంటే కొండ మీది మరియమ్మ. నాలుగడుగుల చెక్క విగ్రహం. అగ్గి ముట్టని అమ్మ అంటారు అందరూ. ఏటా పండక్కి ముందు తొమ్మిది రోజులు విగ్రహానికి అడ్డంగా తెర కడతారు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక పూట మా ఇంటి ఆడమనిషి ఒక్కతే తెర వెనక్కి వెళ్లి, అక్కడున్న చిన్న తలుపు గడియ వేసుకుని, అమ్మకి పాత బట్టలు తీసి కొత్తవి కట్టాలి. ఇంకెవరూ చూడకూడదు, ఫాదర్ గారైనా సరే. కరెంటు దీపం పెట్టకూడదు, కొవ్వొత్తే ఉండాలి. ఈ పని అత్త నుంచి కోడలికి వస్తుంది. పనికి బదులుగా గుడి వెనకాల రెండు గదుల ఇల్లు, సొంత కుళాయి.

కుళాయి మాట ఊరికే ఎత్తలేదు. బుద్ధెరిగాక నేను పదకొండు అద్దె ఇళ్లు మారాను. ప్రతి ఇంట్లోనూ బిందె పట్టుకుని వీధి చివర వరసలో నిలబడ్డాను. ఈ సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లాడేం చేస్తాడని ఒకసారి అడిగాను, కుళాయి నిజంగా ఇంట్లోనే ఉందా అని రెండుసార్లు అడిగాను. పిల్లాడు ఎలక్ట్రీషియన్. పండక్కి కొండ అడుగు నుంచి శిఖరం దాకా బల్బులు కట్టేది మా ఆయనే. ఆ తెర వెనకాల మాత్రం ఒక్క బల్బు పెట్టే అధికారం లేదు పాపం.

పెళ్లయి ఎనిమిది నెలలు. అత్తయ్యకి కళ్లు మసకబారుతున్నాయి కాబట్టి వచ్చే ఏడు నుంచి పని నాది. అందుకే ఆ దిండు.

ఒకరోజు ముసుగు దాకా వచ్చాను. ముసుగు దోమతెరంత పల్చన. దాన్ని దిండు నెత్తిన సర్దుతూ కొవ్వొత్తి పక్కకి తిప్పాను. అంచు మంటకి ఇంకా జానెడు దూరంలోనే ఉంది, ఒట్టు. అంతే, బకెట్టుడు నీళ్లు వచ్చి నా మీద, దిండు మీద, పరుపు మీద పడ్డాయి. అత్తయ్య ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

"అత్తయ్యా, ఏమైంది? అంటుకోలేదుగా!"

"అంటుకున్నాక నీళ్లు తెస్తారా?" అని అరిచింది. ఆ తర్వాత వెళ్లి ఖాళీ బకెట్టు మళ్లీ కుళాయి కింద పెట్టింది.

మా ఆయన పని నుంచి వచ్చి తడిసిన పరుపు చూసి, "దిండుకి స్నానం కూడా చేయించాలా?" అన్నాడు. నేను నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. ఆ బకెట్టు సంగతి నాకు అప్పుడే తట్టాల్సింది. ఎప్పుడూ కొవ్వొత్తి వెలిగించే ముందు ఆవిడ చేసే మొదటి పని బకెట్టు నింపడం.

ఇంకో సంగతి కూడా ఉంది. పూజలో ఫాదర్ గారు పంచే సత్ప్రసాదం అప్పానికి అందరూ వరస కట్టే సమయానికి అత్తయ్యకి ఏదో ఒక పని గుర్తొచ్చేది. కారిన మైనం గీకడమో, పూలకుండీ జరపడమో. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడ సత్ప్రసాదం తీసుకోగా చూడలేదు నేను. కోడలి కళ్లు కదా, అలాంటివన్నీ పట్టేస్తాయి. అడిగే ధైర్యం మాత్రం లేదు.

ఆదివారాలు పూజయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని యాత్రికులకి కొండ కథ చెప్పేది కూడా అత్తయ్యే. మనిషి రోజంతా చిరచిరలాడినా కథ దగ్గర గొంతు మెత్తబడేది.

"రెండొందల ఏళ్ల కిందట ఈ కొండ మీద బొగ్గులు కాల్చుకునే మొగుడూ పెళ్లాం ఉండేవాళ్లు. గుడిసెలో ఈ అమ్మని పెట్టుకుని జపమాల చెప్పుకునేవాళ్లు. ఒక ఎండాకాలం అడవి అంటుకుంది. తొమ్మిది రోజులు కాలింది కొండ. పదో రోజు కింద ఊళ్లోవాళ్లు ఎక్కొచ్చి చూస్తే చెట్టు లేదు, గుడిసె లేదు, మోకాలి లోతు బూడిద. ఆ బూడిదలో నిలబడి ఉంది అమ్మ. బుగ్గ మీద మసి చుక్క లేదు."

"మరి ఆ మొగుడూ పెళ్లాం?" అని ఎవరో ఒక పిల్ల తప్పకుండా అడిగేది. వాళ్లు బతికారా పోయారా అన్నది అత్తయ్యకి ఆ రోజు ఉన్న ఓపికని బట్టి ఉండేది.

ఊళ్లోవాళ్లు విగ్రహాన్ని కింది గుడికి మూడుసార్లు మోసుకెళ్లారట. మూడుసార్లూ తెల్లారేసరికి కొండ మీదే కనిపించిందట. ఆ భాగం నాకు మహా ఇష్టం. ఆవిడక్కూడా ఇళ్లు మారడం పడదన్నమాట.

తెర కట్టడానికి మూడు వారాలు ఉందనగా, ఒక ఆదివారం ఫాదర్ గారు పూజ చివర్లో కళ్లజోడు సర్దుకుని ఒక ఉత్తరం చదివారు. ఇది రెండొందలో పండగ గనక బిషప్ గారు విగ్రహాన్ని పరీక్ష చేయించి, పాడైన చోట బాగు చేయించాలని నిర్ణయించారట. పాత విగ్రహాలకి వైద్యం చేసే ఒక నిపుణురాలు వస్తున్నారట. తొమ్మిది రోజులూ తెర వెనకాలే పని చేస్తారట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పక్కకి చూస్తే అత్తయ్య లేదు. బల్ల మీద ఆవిడ జపమాల ఉంది.

మర్నాడు తెర వెనకాల తలుపు తాళంచెవి పోయింది. ముప్పై ఏళ్లుగా మెడలో దారానికి వేలాడే తాళంచెవి! ఎక్కడ పోయిందంటే, "మెట్ల దగ్గరేమో" అంది. మెట్లు నాలుగొందల పన్నెండు. మా ఆయనా నేనూ నడ్డి విరిగేలా వెతికాం. ఫాదర్ గారు, "పర్లేదమ్మా, తాళాలు చేసేవాడిని పిలుద్దాం" అన్నారు. ఆ మధ్యాహ్నమే అది పిండి డబ్బాలో దొరికింది. దొరికిందంటే, నాకు దొరికింది. పిండిలోంచి ఎర్ర దారం కొస కనిపించింది.

తాళంచెవి కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్లాను. అత్తయ్య అక్కడే పీట మీద కూర్చుని గిన్నెలు తోముతోంది. నా చేతిలో ఉన్నది చూసింది. తోముతున్న గిన్నెనే మళ్లీ మళ్లీ తోమింది.

"అత్తయ్యా, పిండిలోకి ఎలా వెళ్లింది ఇది?"

"నడిచి వెళ్లింది."

"మీరు ఆ బొమ్మల డాక్టరమ్మని లోపలికి రానివ్వకూడదనుకుంటున్నారు. ఎందుకు?"

ఆవిడ కుళాయి కట్టేసింది. చుట్టూ చూసింది. మా ఆయన అప్పటికే దీపాల తీగలు మోసుకుని కొండ కిందకి వెళ్లాడు.

"నేను కాల్చేశానే అమ్మాయ్," అంది.

నాకు అర్థం కాలేదు. వంట మాడ్చిందేమో అనుకున్నాను, నిజంగా.

"మా అత్తగారు పోయి మూడు నెలలు. అదే నాకు మొదటిసారి. ముసుగు తొడుగుతూ కొవ్వొత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నా. భగ్గుమంది. ఏళ్ల తరబడి నూనె రంగులు తాగిన చెక్క అది. నీళ్లు లేవు. నా కొంగుతో కొట్టా, అరచేతులతో కొట్టా. చివరికి తల పట్టుకు లాగితే అదొక్కటీ ఊడొచ్చింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా, అమ్మ ఒళ్లంతా నా కళ్ల ముందే కాలిపోయింది."

"పొగ రాలేదా? ఎవరికీ తెలియలేదా?"

"వచ్చింది. సాంబ్రాణి అనుకున్నారు."

ఇంకెప్పుడైనా అయితే పడీ పడీ నవ్వేదాన్ని.

"మీ మామయ్య ఉన్నప్పుడు వడ్రంగి పని చేసేవాడు కదా. ఎనిమిది రోజులు ఆ గదిలోనే ఉండి కొత్త ఒళ్లు చేశాడు. పాపం తలుపులు, కిటికీలు చేసే మనిషి. గౌను కింద ఎవరు చూస్తార్లే అన్నాడు. పదో రోజు తెర తీస్తే జనం మోకాళ్ల మీద పడ్డారు. అగ్గి ముట్టని అమ్మా, అని ఏడ్చారు. నేనూ ఏడ్చా. నా ఏడుపు వేరు."

కాపలా పెట్టిన కంచే చేను మేసిందన్నమాట. నేను తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ క్షణంలో నా మనసులో ఏమొచ్చిందో దాచకుండా చెప్తాను. అమ్మ రాలేదు, అత్తయ్య రాలేదు. కుళాయి వచ్చింది. ఈ సంగతి బయటపడితే గుడి కమిటీ మమ్మల్ని ఒక్క రోజు కూడా ఉంచదు. పన్నెండో అద్దె ఇల్లు, మళ్లీ బిందె, మళ్లీ వరస. 

"మీ అబ్బాయికి తెలుసా?"

"వాడికా? వాడు తీగ తెగితేనే దాచలేడు. ఇదేం దాస్తాడు?"

ఆ రోజు నుంచి మా ఇద్దరి బతుకూ దొంగకి తేలు కుట్టినట్టయింది. పైకి అరవలేం, లోపల భరించలేం. ఎవరైనా మెట్లెక్కుతూ "పొగ వాసన వస్తోందేంటి" అంటే చాలు, ఇద్దరం ఒకేసారి తలెత్తేవాళ్లం. చూస్తే ఒక ముసలాయన బీడీ. నేను రోజుకో ఉపాయం ఆలోచించాను. అమ్మ బట్టలు పరాయివాళ్లు విప్పకూడదు, మా ఆచారం అని చెప్దాం అన్నాను. అదే మాట ఫాదర్ గారితో అంటే, ఆయన ఎంతో మర్యాదగా, "ఆచారం ప్రకారం మీరిద్దరే విప్పండమ్మా, తర్వాత ఆవిడ చూస్తారు" అన్నారు. 

బొమ్మల డాక్టరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, తెల్ల కోటు, మెడలో రెండు భూతద్దాలు, వెనకాల మూడు పెట్టెలు. విగ్రహాన్ని బట్టల మీదే చూడొచ్చు కదండీ అని ఆఖరి ప్రయత్నంగా నేను అడిగితే, "పేషెంటు చొక్కా విప్పనంటే డాక్టరు ఏం చేస్తుందమ్మా, చొక్కాకి మందు రాస్తుందా?" అంది.

విప్పాం. ఆవిడ పెట్టెలోంచి రెండు లైట్లు తీసి వెలిగించింది. ఆ తెర వెనకాల కరెంటు వెలుగు పడటం అదే మొదటిసారి. ఆ వెలుగులో అమ్మ తల అమ్మ తలే. మెడ కింద నుంచి మాత్రం మా వంటింటి తలుపుకి చుట్టంలా ఉంది. నడుం దగ్గర స్క్రూలు కూడా కనిపించాయి. రెండొందల ఏళ్ల కిందటి స్క్రూలు! అత్తయ్య కళ్లు మూసుకుంది. డాక్టరమ్మ భూతద్దం పెట్టుకుని చుట్టూ తిరిగి, "ఊఁ" అంది. రాసుకుంది. మళ్లీ వంగి చూసి "ఊఁ" అంది.

నాలుగు రోజులు అదే "ఊఁ". ఆచారం పేరు చెప్పి మేమిద్దరం ఆ గదిలోనే కాపలా కూర్చునేవాళ్లం. ఆవిడ ఆ శబ్దం చేసినప్పుడల్లా నేను అత్తయ్య వంక చూసేదాన్ని. బయట తెరకి అవతల జనం నవదిన ప్రార్థనలు చెప్తున్నారు. "అగ్గి ముట్టని మా అమ్మా, మా కోసం ప్రార్థించు" అని వాళ్లు అన్న ప్రతిసారీ అత్తయ్య తల ఇంకాస్త కిందికి వాలేది. అన్నం తినడం మానేసింది. మనిషి సగమైంది.

ఐదో రోజు పొద్దున డాక్టరమ్మ పెన్ను జేబులో పెట్టుకుని మా వైపు తిరిగింది.

"ఈ ఒళ్లు ముప్పై, ముప్పై ఐదేళ్లది. చేసిన మనిషి మంచి వడ్రంగి. శిల్పి మాత్రం కాదు. అందం అన్నది ఎక్కడా..."

"ఎనిమిది రోజుల్లో నువ్వు చెయ్యి చూద్దాం!" అంది అత్తయ్య.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు! నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, నా నోటికి. నా మొగుణ్ని ఏమైనా అంటే ఊరుకోనన్న మొహంతో అత్తయ్య ఇంకా గుర్రుగా చూస్తూనే ఉంది. అప్పుడు అర్థమైంది ఆవిడకి తను ఏమందో. గోడకి ఆనుకుని మెల్లిగా నేల మీద కూర్చుండిపోయింది.

 డాక్టరమ్మ కూడా నేల మీదే కూర్చుంది.

"పెద్దమ్మా, ఇలా చూడండి," అని అప్పటికే ఒంటి నుంచి విడదీసిన అమ్మ తలని మెత్తటి గుడ్డ మీద పెట్టి, మెడ కింది భాగం భూతద్దంలో చూపించింది. "అంచు దగ్గర కొంచెం గీకాను. పైన రంగు. దాని కింద మసి. అది మీదే అయ్యుంటుంది. దాని కింద మళ్లీ రంగు, దాని కింద మళ్లీ మసి. ఆ కింద ఇంకో రంగు, ఇంకో మసి. ఒంటికి అతికించిన చీలల బెజ్జాలు కూడా మూడు వరసలున్నాయి. ఈ తల మూడుసార్లు మంటల్లోంచి బయటపడింది. మూడుసార్లూ కొత్త ఒళ్లు చేశారు."

"మొదటిది కొండ కాలినప్పటిది," అన్నాను నేను. కథ వచ్చినదాన్ని కదా.

"కావచ్చు. మీ కథ తల వరకు నిజమే."

"నడిమిది?" అంది అత్తయ్య.

"ఆ రంగుని బట్టి నూరేళ్ల కిందటిది. కొంచెం అటూ ఇటూ."

అత్తయ్య వేళ్లు మడిచి ఏదో లెక్క వేసుకుంది. "మా అత్తగారి అత్తగారు," అంది. "ఆవిడకి ముందు తెర ఒక్క పూటే కట్టేవాళ్లట. ఆవిడ కాలం నుంచే తొమ్మిది రోజులయింది. కొండ తొమ్మిది రోజులు కాలింది కదా, అందుకని చెప్పారు నాకు." మడిచిన వేళ్లు విప్పి, "వాళ్లకీ కొత్త ఒళ్లు చేసే పని అయ్యేసరికి అన్ని రోజులు పట్టిందేమో," అంది.

 డాక్టరమ్మ లేచి కోటు దులుపుకుంది.

"నేను చూసింది రాస్తాను. ఎవరు చేశారో నేను చూడలేదు, కాబట్టి రాయను. ఇలాంటి రిపోర్టు చదివేది ముగ్గురు. అందులో ఇద్దరికి రెండో పేజీలోనే నిద్రొస్తుంది. మీరు కంగారు పడకండి."

నేను ఆవిడ కాళ్ల మీద పడటం ఒక్కటే తక్కువ. ఇంటికి పరుగున వచ్చి కుళాయి తిప్పి, ఊరికే పారే నీళ్లు చూస్తూ కూర్చున్నాను. ఇల్లు దక్కింది! గండం గట్టెక్కింది! అత్తయ్య వెనకాలే నెమ్మదిగా వచ్చింది. గుమ్మంలో నిలబడింది.

"మెట్ల మీద చెప్పేస్తాను, పండగ రోజు," అంది. "కథతో పాటు."

వినకూడని మాట విన్నట్టు చూశాను.

"మీకేమైనా మతి పోయిందా అత్తయ్యా? ముప్పై ఏళ్లు దాచారు. ఇప్పుడు అడిగేవాడు కూడా లేడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటానంటారేంటి?"

"నావి కాలాయి. నీవి కాలేదుగా." ఆవిడ లోపలికొచ్చి కుళాయి కట్టేసింది. "ఆ నడిమి ఆవిడ నోరు విప్పి ఉంటే, నేను వెళ్లేనాటికి ఆ గదిలో కొవ్వొత్తి ఉండేది కాదు. ఒక లాంతరు పెట్టేవాళ్లు, ఇంకేదో చేసేవాళ్లు. సిగ్గుపడి నోరు మూసుకుంది. నాకూ అంటుకుంది. వచ్చే ఏడు ఆ కొవ్వొత్తి నీ చేతిలో ఉంటుంది."

"అయితే మీ అబ్బాయితో బల్బు పెట్టిద్దాం. కారణం చెప్పక్కర్లేదు!"

"పదేళ్ల కిందటే అడిగా. కమిటీవాళ్లు ఏమన్నారో తెలుసా? అగ్గి ముట్టని అమ్మకి కొవ్వొత్తంటే భయమా అని నవ్వారు. కారణం చెప్పనిదే ఆచారం మారదే. కారణం నా దగ్గర ఉంది."

"మన ఇల్లు పోతుంది!" అని అరిచాను.  "మీకేం, మీరు ముప్పై ఏళ్లు ఉన్నారు. నేను వచ్చి ఎనిమిది నెలలు. నాకు ఇల్లు కావాలి. నేను జాగ్రత్తగానే ఉంటాను కదా, బకెట్టు పెట్టుకుంటాను కదా!"

ఆవిడ నా నెత్తి మీద చెయ్యి వేసింది. ఎనిమిది నెలల్లో అదే మొదటిసారి. నేను విదిలించుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మిగిలిన రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఒక్కసారి మాత్రం, ఎలాగూ చెప్పేదైతే ముందు ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చెయ్యమన్నాను, అంటే చేసిన తప్పు ఆయన చెవిలో ఒప్పుకోమని. అక్కడ విన్నది ఆయన బయట అనకూడదు, రేపు కమిటీలో మన మీద మాట్లాడాల్సొస్తే ఆయన నోరైనా కట్టేసి ఉంటుందని నా లెక్క. "దేవుడి దగ్గర కూడా ప్లీడరు తెలివితేటలేనా?" అంది. వెళ్లింది మాత్రం నిజంగానే. గంట తర్వాత కళ్లు వాచి బయటికొచ్చింది. పాపం ఒప్పుకోనిదే తీసుకోకూడదని ఇన్నేళ్లూ తప్పించుకున్న సత్ప్రసాదాన్ని ఆ సాయంత్రం పూజలో వరసలో నిలబడి తీసుకుంది. తీసుకున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

పండగ పొద్దున మా ఆయనకి చెప్పింది.  "నాన్న ఒక్కడే చేశాడా? ఎనిమిది రోజుల్లోనా?" అన్నాడు. అంతే అన్నాడు.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. చివర్లో చెప్తే ఏడుపు కథ అనుకుంటారు. తాళంచెవి మూడో రోజే తీసేసుకున్నారు. ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేశాం. ఆ గదిలో కమిటీ ట్యూబులైటు పెట్టించింది, బిగించింది మా ఆయనే. నేను కొండ కింద పన్నెండో అద్దె ఇంట్లో బిందె పట్టుకుని నిలబడి, చాలా నెలలు అత్తయ్యని తిట్టుకున్నాను. ఆ తిట్లు ఎప్పుడు ఆగాయో గుర్తులేదు. ఎందుకు ఆగాయో మాత్రం తెలుసు. ఆ పండగ రోజు నేను కూడా అక్కడున్నాను కాబట్టి.

ఆ రోజు తెర తీశారు. అమ్మ కొత్త బట్టల్లో మెరిసిపోతోంది. పూజ అయింది. మెట్ల నిండా జనం, కాలు పెట్టే సందు లేదు. అత్తయ్య ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. బొగ్గులవాళ్లు, అడవి, తొమ్మిది రోజులు, బూడిద, అన్నీ ఎప్పటిలాగే చెప్పింది. నేను గుడి గుమ్మంలో నిలబడి, ఇక్కడ ఆపెయ్యి తల్లీ, ఇక్కడ ఆపెయ్యి అని లోలోపల వేడుకుంటున్నాను.

"బుగ్గ మీద మసి లేదు," అంది అత్తయ్య. "ఒళ్లు మాత్రం కాలింది. అప్పుడూ కాలింది. నూరేళ్ల కిందట ఇంకోసారి కాలింది. ముప్పై ఏళ్ల కిందట నా చేతుల్లో కాలింది. కొవ్వొత్తి నాది. తప్పు నాది. మీకు ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకాయన లేచి, "ఏమంటోంది ఈవిడ?" అన్నాడు. అక్కడి నుంచి గోల మొదలైంది. మోసం అన్నారు, పాపిష్టిది అన్నారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినావిడ ఒకతె తన చేతిలో కొవ్వొత్తులు మెట్ల మీద విసిరికొట్టింది. కమిటీ పెద్దాయన చేతులు ఊపుతూ ఫాదర్ గారిని పిలుస్తున్నాడు. ఫాదర్ గారి మొహంలో ఆశ్చర్యం కూడా లేదు. ఆయన వచ్చి అత్తయ్య పక్క మెట్టు మీద కూర్చున్నారు, ఊరికే.  ఆవిడ దగ్గరికి వెళ్లాలని ఉంది, పారిపోవాలనీ ఉంది.

అప్పుడు ఆ గోలలోంచి ఒకావిడ ముందుకొచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆ ఎండలో మెడ చుట్టూ దుప్పటాలాంటి గుడ్డ గట్టిగా చుట్టుకుని ఉంది. నిండు చేతుల చొక్కా. కోపంగా వస్తోందనుకుని నేను అత్తయ్యకి అడ్డంగా నిలబడ్డాను. ఎలా వెళ్లానో తెలీదు, వెళ్లాను.

ఆవిడ నన్ను చూడలేదు. అత్తయ్యనే చూస్తోంది.

"ఎక్కడిదాకా కాలిందండీ?" అంది.

అత్తయ్య తన గొంతు దగ్గర వేలు పెట్టి గీత గీసినట్టు చూపించింది. "ఇక్కడిదాకా."

ఆవిడ మెడ చుట్టూ ఉన్న గుడ్డ విప్పింది. చర్మం గడ్డం కింద నుంచి కరిగి ముడతలు పడి గట్టిపడి ఉంది, చొక్కా లోపలికి ఎంత దూరం ఉందో తెలియదు. మొహం మాత్రం చెక్కుచెదరలేదు.

"నాకూ అక్కడిదాకే," అంది. "స్టవ్వు. నాలుగేళ్లయింది. ఏటా కొండెక్కుతున్నా, ఈ మెట్ల దగ్గరే ఆగిపోతున్నా. లోపలికి వెళ్లాలనిపించలేదు. అగ్గి ముట్టనావిడకి నా సంగతేం తెలుసని."

అత్తయ్య లేచింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది. నా వైపు తిరిగి, "అమ్మాయ్, నువ్వు ముందు నడువు, దారి చెయ్యి," అంది.

చేశాను. మోచేతులతో, భుజాలతో, నోటితో కూడా చేశాను. ముగ్గురం గుడి లోపలికెళ్లి అమ్మ పీఠం ఎక్కాం. అందరూ చూస్తున్నారు, ఎవరూ చూడకూడనిది. అత్తయ్యకి కళ్లు ఆనక గుండీ దొరకలేదు. నేనే ముసుగు పక్కకి తీసి, పై గౌను మెడ దగ్గరి గుండీలు రెండు విప్పాను. డాక్టరమ్మ వేసిన కొత్త రంగు కింద మామయ్య పెట్టిన అతుకు గీత సన్నగా కనిపిస్తోంది.

ఆవిడ చెయ్యెత్తి ఆ గీతని వేలితో తడిమింది, ఈ చివర నుంచి ఆ చివరికి. తర్వాత అదే వేలితో తన మెడ తడుముకుంది. బయట ఇంకా అరుస్తూనే ఉన్నారు. కమిటీ పెద్దాయన నా భుజం పట్టుకుని, "మూసెయ్యమ్మా, వెంటనే మూసెయ్," అన్నాడు.

"ఆగండి," అన్నాను. "ఆవిడ చూస్తున్నారు."